ఎనిమిది అంగుళాల చిన్నోడు

"పెద్దది తీసుకోండి బాబాయ్, పిల్లలకి బొమ్మలు బాగా కనబడతాయి," అంటోంది కౌంటరు వెనకున్న అమ్మాయి. పిల్లలెవరు, బొమ్మలేంటి, అసలు ఈ బాబాయెవరు, నెత్తిన నాలుగు వెంట్రుకలు నెరిస్తే చాలు దారినపోయే ప్రతివాళ్లకీ బాబాయైపోతాడు మనిషి, అన్నయ్యా అని పిలవాల్సినవాడు మాత్రం పిలిచే చోట ఉండడు, అనుకుంటూ అతను చంకలోని గుడ్డసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. సంచిలో పాత ట్యాబ్ ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేస్తే రబ్బరు బ్యాండ్లు వేసి బిగించాడు, నడుంనొప్పికి గుడ్డ చుట్టినట్టు. నిన్నటిదాకా ఎలాగో ఈడ్చుకొచ్చింది. పొద్దున పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. రిపేరు చేసే ముసలాయన దాన్ని తాకకుండానే చేతులు వెనక్కి లాక్కుని, దీనికి ఇంక కరెంటు చూపించావంటే ఇల్లంతా కాలుస్తుంది, తీసుకెళ్లి మట్టిలో పాతిపెట్టు అన్నాడు. పాతిపెట్టు! ఎంత సులువుగా వచ్చిందా మాట. పాతిపెట్టడానికి కూడా చేతికందనివాడు ఇందులో ఉన్నాడని ఆయనకేం తెలుసు. ఇది వెలగకపోబట్టి అమ్మ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నం ముద్ద పెదాల దాకా తీసుకెళ్తే పళ్లు బిగించి, గడప మీద పోలీసుని చూసినట్టు చూసింది. రాత్రి అన్నం వేళకి కొత్తది ఇంట్లో ఉండాలి. ఇప్పటికే దుకాణంలో దీపాలు వేశారు.

"చిన్నదే కావాలి. సరిగ్గా ఇంతే," అని పాతదాన్ని అద్దాల బల్ల మీద పెట్టాడు.

"అమ్మో, ఇది ఏ కాలం నాటిది బాబాయ్? మా అమ్మ పెళ్లిలో చదివించినదా?"

"మీ అమ్మ పెళ్లికి నన్ను పిలవలేదు."

ఆ పిల్ల పకపకా నవ్వి, జానతో దాన్ని కొలిచి, ఎనిమిది అంగుళాలు, ఇవి ఇప్పుడు పెద్దగా రావట్లేదు, నా దగ్గర రెండే ఉన్నాయి, అంటూ బల్ల కిందికి వంగింది.

అమ్మ లెక్కలో అతని తమ్ముడు చిన్నోడు ఎనిమిది అంగుళాలే. ఆ మధ్య అతని భార్య చిన్నోడి ఫొటో పెద్దది చేయించి గోడకి తగిలిస్తే అమ్మ కాసేపు చూసి, ఎవరమ్మా ఈ పెద్దమనిషి, మా చిన్నోడి పోలికలు బాగానే పెట్టుకున్నాడు గానీ మావాడు ఇంతే ఉంటాడు, అని రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించింది. ఆ కొలత తప్పితే ముద్ద లోపలికి దిగదు. కంచం ముందు చెక్క స్టాండు పెట్టాలి. అరిగిపోయిన నాడెను, అంటే మగ్గంలో నూలు మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే చెక్కను, నడిమికి కోసి అతనే చేశాడు దాన్ని. అందులో ట్యాబ్ నిలబెట్టాలి, నొక్కాలి. అప్పుడు చిన్నోడు అమ్మా తిన్నావా అంటాడు. అని ఆగుతాడు. ఇంకా లేదురా నాన్నా, ఇప్పుడే కూర్చున్నా, అంటుంది అమ్మ. ఏం కూర అంటాడు, ఆగుతాడు. అమ్మ కూర పేరు మర్చిపోయి తడుముకుని, ఏదోలే, ఆ పచ్చగా ఉండేది, అనేసరికి సరిగ్గా అందుకుని, అదా, అదంటే నీకు ప్రాణం కదే, ఏదీ, నా కళ్ల ముందు ఒక ముద్ద తిను, అంటాడు. ఆగుతాడు. ముద్ద నోట్లోకి వెళ్లి, నమిలి, మింగేదాకా ఆగుతాడు. ఇంకొకటి, అంటాడు.

ఓడలో వంట చేసేవాడు చిన్నోడు. నడిసముద్రంలో సిగ్నలుండదు కనక ఖాళీ దొరికినప్పుడల్లా వీడియోలు తీసి పెట్టుకుని, ఒడ్డు తగలగానే అన్నీ గంపగుత్తగా పంపేవాడు. మాట అడగడం, జవాబుకి చోటు వదలడం, మళ్లీ అందుకోవడం. అమ్మ ఏ మాటకి ఎంతసేపు తీసుకుంటుందో, ఎక్కడ నిట్టూరుస్తుందో, ఎక్కడ కొంగుతో ముక్కు తుడుచుకుంటుందో, ఒళ్లో పెరిగినవాడికి ఒకరు చెప్పాలా. ఆ ఖాళీలు ఎంత బాగా అతికేవంటే అమ్మ అది ఫోనే అనుకునేది. అన్నిట్లోకీ ఆఖరున వచ్చిన వీడియో ఒక్కటే ఇప్పుడు అమ్మకి పనికొస్తుంది, ముద్ద తినమని అడిగేది అందులోనే. దాని చివర చిన్నోడు ఒక మాటంటాడు. అన్నయ్య ఉన్నాడుగా, అన్నీ అన్నయ్యే చూసుకుంటాడు, అని. పూటపూటా ఆ మాట వినలేక చచ్చేవాడు అతను. అవున్రా దొరా, నేనే చూసుకోవాలి, నువ్వు ఓడెక్కి ఊరేగు, నేను కంచం కడుగుతా. ముద్ద కలిపి పెట్టేది ఒకడు, ఆవిడ ప్రాణం పెట్టుకున్నది ఇంకొకడి మీద. పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. పైగా కన్నకొడుకుని పట్టుకుని ఆవిడ పిలిచే పిలుపు మేస్త్రీగారూ అని. ఒంట్లో సగం రక్తం పీల్చేసిన ఆ మగ్గాల షెడ్డు మేస్త్రీ ముఖాన్ని తెచ్చి తన ముఖానికి అతికించింది. అతను గదిలోకి వస్తే చాలు, పని ఆపి నిలబడ్డ కూలీలా నడుం నిటారుగా పెట్టి కూర్చుంటుంది.

"దీనికి మెమరీ కార్డు పెట్టే చోటుంది బాబాయ్, మీ పాత కార్డు తీసి ఇందులో పెట్టేస్తా. ఏమున్నాయి అందులో, సినిమాలా?"

"మా తమ్ముడు."

"వీడియోలా?"

"ఆ."

అమ్మాయి సన్నటి సూదిలాంటిదాంతో పాతదాని పక్కన పొడిచి, గోరంత కార్డు బయటికి లాగింది. చిన్నోడు గోరంతైపోయాడు. ఆ గోరు జారి బల్ల సందులో పడితే ఈ రాత్రి అమ్మ గతేంటని అతను సందుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. కొత్తదాన్ని మొదటిసారి వెలిగించాలి, అదేదో అడుగుతుంది, నేను చూసుకుంటా, మీరు కూర్చోండి, అంది. అతను కూర్చోలేదు. ఎదురుగా గోడ నిండా టీవీలు వరసగా తగిలించి ఉన్నాయి, అన్నిట్లో ఒకే మనిషి, నల్ల కోటు, వార్తలు, గొంతు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. రేపు వానట. ఎక్కడో వంతెన మీద లారీ అడ్డం తిరిగిందట. ధరలు పెరుగుతాయట, అవి ఎప్పుడు తగ్గాయి గనక. "సౌండు పెట్టమంటారా బాబాయ్?" అంది అమ్మాయి. అక్కర్లేదన్నాడు. నిజంగానే అక్కర్లేదు. మరమగ్గాల షెడ్డులో పెరిగినవాడికి గొంతుతో పనేముంది. ఒక్క మగ్గం కొట్టుకుంటేనే పళ్లు కదులుతాయి, షెడ్డంతా ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకే అక్కడ నోరు వేరు, గొంతు వేరు. పెదాలు బాగా సాగదీసి, గాలి కూడా వదలకుండా మాట్లాడుకోవాలి, షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకి. ఎవరి పెళ్లాం ఎవరిని తిట్టింది, మేస్త్రీకి ఇవాళ కడుపునొప్పా, తలనొప్పా, అన్నీ అలాగే. బడి మానేసి షెడ్డులో అడుగుపెట్టిన కొత్తలో అతనికి అమ్మే నేర్పింది. అమ్మా ఆ మగ్గాల దగ్గరే అరిగిపోయింది. ఆ తర్వాత చిన్నోడికి అతను నేర్పాడు. చిన్నోడు మహా గడుసు, మేస్త్రీ వీపు తిప్పగానే వాడి నడక, వాడి తిట్లు, అన్నీ పెదాలతోనే అచ్చు దింపేవాడు. నవ్వాపుకోలేక అతని మగ్గంలో దారాలు తెగేవి, చీవాట్లు అతనికి పడేవి.

అమ్మ మనుషుల పేర్లు మర్చిపోయింది గానీ ఆ విద్య మర్చిపోలేదు. మొన్నటికి మొన్న కిటికీలోంచి వీధి అవతలి మేడ మీద మొగుడూపెళ్లాల్ని చూస్తూ కిసుక్కున నవ్వి, ఆ అమ్మాయి వాళ్ల అత్తని ఎండుకట్టె అంటోంది మేస్త్రీగారూ, అంది. కంట్లో పొరలు తీయించాక డేగ చూపైంది ముసలిదానికి. లోపల దీపం ఆరిపోయాక కిటికీలు కడిగించినట్టు.

కోపం అతనిదే, కాదనడు. మొదట్లో చిన్నోడు రేవుకి చేరి నేరుగా ఫోన్ చేసిన రోజుల్లో అతను అమ్మ వెనక నిలబడేవాడు. అమ్మకి అప్పుడు కళ్లు మసక. గొంతులతో అమ్మా చిన్నోడూ మాట్లాడుకుంటుంటే, అమ్మ నెత్తి మీదుగా అన్నదమ్ములిద్దరూ పెదాలతో వేరే కచేరీ పెట్టేవాళ్లు. వదిన ఇవాళ కూరలో ఉప్పేసిందా. సముద్రమంతా వేసింది. ఇలాంటివి. అమ్మేమో, మధ్యలో ఎందుకు నవ్వుతావురా, ఓడలో ఎవరైనా చక్కిలిగింతలు పెడుతున్నారా, అనేది. ఆ తర్వాత ఒకసారి, ఇదే ఆఖరి ప్రయాణం అన్నయ్యా, వచ్చేస్తా, షెడ్డులో నాకో మగ్గం చూడు, అన్నాడు. అతను వెళ్లి, జన్మలో ఎవరి ముందూ వంచని తల ఆ మేస్త్రీ ముందు వంచి, మగ్గం ఖాళీగా ఉంచమని బతిమాలి పూచీ పడ్డాడు. దొరగారు మాత్రం ఇంకో ఓడెక్కారు. అమ్మకి చెప్పాడు, వదినకి చెప్పాడు, ఇతనికి తప్ప ఊరందరికీ చెప్పాడు. మేస్త్రీ పదిమందిలో నోటికొచ్చినట్టు మాట్లాడి, షెడ్డు చివర గాలి ఆడని మూల, అందరూ తప్పించుకు తిరిగే మగ్గం మీదికి తోశాడు. ఆరోజు నుంచి అతను అమ్మ వెనక నిలబడలేదు. ట్యాబ్ మోగగానే పొయ్యి వైపు వెళ్లిపోయి దాని వీపు చూస్తూ నిలబడేవాడు, వినబడేది, కనబడేది కాదు. తన బటన్ల ఫోనుకి చిన్నోడు చేస్తే తీసేవాడు కాదు. అలకకి ఒక లెక్కుంటుంది కదా, ఎదుటివాడు ఇంకొక్కసారి బతిమాలితే దిగొద్దామని. ఆ ఇంకొక్కసారి కోసమే నిలబడ్డాడు పొయ్యి దగ్గర. ఆఖరి వీడియో వచ్చినప్పుడూ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత వచ్చింది వీడియో కాదు, కబురు. ఏదో రేవులో, ఏదో ఆసుపత్రిలో, ఏదో జ్వరం. మనిషి రాలేదు, పెట్టె వచ్చింది, పెట్టెలో చొక్కాలూ ఒక గరిటా. అమ్మకి చెప్పారు, ఏడ్చింది. ఆ ఏడుపు ఆరకముందే తలలో నరం చిట్లి పడిపోయింది. లేచాక మళ్లీ అడిగింది, చిన్నోడు ఫోన్ చేశాడా అని. మళ్లీ చెప్పారు. మళ్లీ కొత్తగా, మొదటిసారి విన్నట్టు, గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. మూడోసారి చెప్పే గుండె ఎవరికీ లేకపోయింది. అదిగో, అప్పుడు పట్టుకున్నారు ఈ ట్యాబ్‌ని. అందులోనూ ఒక అనర్థం. మొదటి పూటే, ఇంకా కళ్లలో పొరలుండగానే, కొడుకు ముఖం జిడ్డు కారుతోందని ముసలిది తడిగుడ్డ పెట్టి రుద్దింది, నీళ్లు లోపలికి పోయి తెరంతా బురద రంగు మరక పడింది. అప్పటినుంచి చిన్నోడంటే ఒక నల్లటి మచ్చ, దానికో గొంతు. అతను పూటపూటా ముద్దలు పెడుతూ చూసింది ఆ మచ్చనే. మధ్యమధ్య మచ్చ కాస్త పైకి తలెత్తేది. వెనక గోడకి గడియారం చూసుకుంటున్నాడు కాబోలు అనుకునేవాడు.

"రండి బాబాయ్, మీ తమ్ముడొచ్చేశాడు," అంది అమ్మాయి.

ఎలా వచ్చాడు! అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అద్దం తుడిచి అవతల మనిషిని నిలబెట్టినట్టున్నాడు. గడ్డం మాసి ఉంది. మెడ దగ్గర ఎముక రెండు పక్కలా పొడుచుకొచ్చింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు మగ్గం చెక్క తగిలిన గీత, అది కూడా. వెనక నల్లగా ఉండేది ఓడ గది కాదు, తెల్లటి గోడ, మంచం ఇనప కమ్మీ. "చూశారా, పుట్టుమచ్చలు లెక్కపెట్టుకోవచ్చు," అంటోంది అమ్మాయి. అమ్మా, తిన్నావా, అన్నాడు చిన్నోడు, రోజూ అనే గొంతుతో, ఆ నవ్వుతో. అని ఆగాడు. ఆగగానే నవ్వు జారిపోయింది. కళ్లు కెమెరా మీంచి లేచి కొద్దిగా పైకి, కూర్చున్న అమ్మ నెత్తి మీదుగా వెనక ఎవరైనా నిలబడితే వాళ్ల ముఖం ఎక్కడుంటుందో అక్కడికి వెళ్లాయి. పెదాలు సాగాయి. షెడ్డులో ఈ కొసనుంచి ఆ కొసకి సాగదీసినట్టు సాగాయి.

అన్నయ్యా. ఉన్నావా.

"సౌండు పోయిందేంటి? లేదే, ఫుల్లులోనే ఉంది," అని అమ్మాయి పక్క బటన్ నొక్కుతోంది. ఏం కూర, అన్నాడు చిన్నోడు పైకి. అని మళ్లీ ఆగాడు, కళ్లు మళ్లీ పైకి, పెదాలు మళ్లీ గొంతు లేకుండా. జ్వరం. తగ్గట్లేదు. దింపేశారు, ఓడ వెళ్లిపోయింది. నవ్వు మళ్లీ తెచ్చుకుని, అదంటే నీకు ప్రాణం కదే, ఏదీ, నా కళ్ల ముందు ఒక ముద్ద తిను. అమ్మకి చెప్పకు. వదినకీ వద్దు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంకొకటి తిను. ఇక్కడ నా మాట ఎవరికీ అర్థం కాదు అన్నయ్యా. నీకు కోపమని తెలుసు. ఇంకొక్క ముద్ద అమ్మా, నా తల్లివి కదూ. నువ్వు రా. ఇది ముద్ద నమిలి మింగేంత ఖాళీ, అన్నిట్లోకీ పొడుగుది, ఆ ఖాళీ అంతా అదొక్కటే, రా, రా అని రెండుసార్లు, తర్వాత పెదాలు కదలకుండా, కళ్లు మాత్రం అక్కడే పెట్టి జవాబు కోసం చూస్తూ. జవాబు వచ్చినట్టే చివరికి తలూపి, నాకేంటమ్మా, రాయిలా ఉన్నాను, అన్నయ్య ఉన్నాడుగా, అన్నీ అన్నయ్యే చూసుకుంటాడు, అన్నాడు. ఆగిపోయింది. నల్ల తెర మీద ఒక తెల్లటి త్రికోణం, మళ్లీ నొక్కమని.

అంటే వాడు బతిమాలాడు. ఇంకొక్కసారి కాదు, ముద్ద ముద్దకీ బతిమాలాడు. ఇతను అమ్మ వెనకే నిలబడి ఉంటాడనుకున్నాడు పిచ్చివెధవ. అలిగినవాడు ఎక్కడ నిలబడతాడో వాడికెవరు చెబుతారు. అప్పుడు, ఆఖరి వీడియో వచ్చిన రోజు, అమ్మ పక్కన కూర్చుని చూసిన అతని భార్య పొయ్యి దగ్గరికొచ్చి ఒక మాటంది కూడా, మీ తమ్ముడు మాట మాటకీ మధ్యలో ఏంటో నములుతున్నాడండీ, అని. అతను గరిటె తిప్పుతూ ఏమన్నాడు? ఓడలో బాగా మేపుతున్నారు, నములుతున్నాడు, అన్నాడు. గరిటె. పెట్టెలో వచ్చింది గరిటె. అతనికి దుకాణం నేల మగ్గాల కింద నేలలా అదరడం మొదలుపెట్టింది. గోడ మీద వరసగా ఆ నల్ల కోటువాళ్లంతా నోళ్లు తెరిచి మూస్తున్నారు. రేపు వాన, రేపు వాన. అతను బల్ల పట్టుకున్నాడు.

"బాగుంది కదా? ప్యాక్ చేసేయనా?"

చెయ్యి. చేసెయ్. అనబోయాడు. ఇదుంటే చిన్నోడుంటాడు. ఆ కనుబొమ్మ మీద గీత, మెడ ఎముక, గడ్డంలో అప్పుడే తెల్లబడిన నాలుగు వెంట్రుకలు. వాడికి జుట్టు నెరవడం మొదలైందని ఇవాళే తెలిసింది అన్నగారికి. ముందు పంపిన వీడియోలూ ఉన్నాయి కార్డులో, ఎన్ని ఖాళీల్లో ఎన్ని మాటలు దాచాడో, ఎన్నిసార్లు అన్నయ్యా అన్నాడో. పొద్దస్తమానం చూసుకోవచ్చు. ఇతను చూస్తాడు, సరే. రాత్రి కంచం ముందు చూసేది ఎవరు? పొరలు తీయించిన ఆ డేగ కళ్లు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ పెదాల వంక చూసి, అమ్మ నమలడం ఆపుతుంది. అతనివైపు తిరుగుతుంది. మేస్త్రీగారూ, మా చిన్నోడికి జ్వరమట, వాళ్లన్నని రమ్మంటున్నాడు, మా పెద్దోడికి కాస్త సెలవిచ్చి పంపండి మేస్త్రీగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఈ రాత్రి అంటుంది. పొద్దున్నే మర్చిపోతుంది. మళ్లీ అన్నం వేళకి చదువుతుంది, మళ్లీ కొత్తగా వణుకుతుంది, మళ్లీ కాళ్లు పట్టుకోబోతుంది. పూటపూటా ఒక కొడుకు చావుబతుకుల్లోకి వెళ్తుంటాడు, పూటపూటా ఇంకో కొడుకుని మేస్త్రీ పంపడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదేదో సామెతనుకున్నాడు ఇన్నాళ్లూ, ఇలా అద్దాల బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపిస్తారనుకోలేదు.

"ఆ రెండోది చూపించు."

"అదా? అది పాత స్టాకు బాబాయ్, స్క్రీను బాగోదు. మసగ్గా ఉంటుంది. ఎదురుగా దీపం ఉంటే బొమ్మ బదులు మన ముఖమే కనబడుతుంది. దానికన్నా ఇదే..."

"మనిషి కనబడతాడా అందులో?"

"మనిషి ఉన్నాడని తెలుస్తుంది. కళ్లూ ముక్కూ అడక్కండి."

"అదే ఇవ్వు."

అమ్మాయి నవ్వింది, అతని ముఖం చూసి నవ్వాపేసింది. "మీరు భలేవాళ్లు బాబాయ్. ఎవరైనా బాగా కనబడేది అడుగుతారు. ఎక్కువ వెలుగు వద్దంటే ఇందులోనే తగ్గించుకోవచ్చు, ఇదిగో ఇలా వేలితో జరిపితే చాలు."

"మా అమ్మ వేలు ఊరుకోదమ్మా. రోజూ వాడి ముఖం తుడుస్తుంది. ఒకసారి కాకపోతే ఒకసారి జరుగుతుంది."

అమ్మాయి మళ్లీ ఆ సూది అందుకుంది. మంచిదానిలోంచి గోరంత కార్డు బయటికి లాగుతుంటే అతను తల తిప్పుకోవాలనుకున్నాడు, తిప్పుకోలేదు. ఇంకొక్కసారి వేయమ్మా అని అడిగితే వేసేదే. అడిగితే ఇంకోసారి అడుగుతాడు, ఆ తర్వాత ఇంకోసారి, దుకాణం మూసేస్తారు, ఇంటి దగ్గర ముసలిది పళ్లు బిగించుకుని కూర్చుంటుంది. తెర నల్లగా ఆరింది. ఇప్పుడే చూశాడు, ఇప్పుడే పోయాడు. ఈసారైనా దగ్గరుండి సాగనంపినట్టే లెక్క అనుకున్నాడు, ఆ లెక్క తనకే కుదరలేదు.

దారంతా వాడి పెదాలే. బస్సులో ఎదుటి సీట్లో ఎవరో ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే అన్నయ్యా అంటున్నట్టుంది, టీకొట్టు దగ్గర ఒకడు ఊదుకుంటూ తాగుతుంటే రా, రా అంటున్నట్టుంది. మగ్గాల మోత చెవుల్లోంచి పోయి ఎన్నాళ్లయిందో, ఇవాళ ఊరంతా ఆ మోతే, ఊరంతా గొంతు లేకుండా పెదాలు కదుపుతోంది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో భార్య, ఏమండీ దొరికిందా, ఇంక నా వల్ల కాదు, చెంచా కొరికి పట్టుకుంది, అంటూ చేతిలో సంచి లాక్కుంది. అతను బూట్లు విప్పుతుండగానే స్టాండులో పెట్టేసింది, కంచం మీది దీపం వేసింది. మసక తెర మీద మసక మచ్చ లేచింది, అమ్మా, తిన్నావా, అంది. అమ్మ భుజాలు దిగాయి. పొద్దున్నుంచి బిగించిన దవడ వదులైంది. "వచ్చావురా నాన్నా, ఎక్కడికి పోయావు, ఇంకా లేదు, ఇప్పుడే కూర్చున్నా," అంది. ఒక ముద్ద తిను అన్నాడు వాడు. తింది. ఇంకొకటి అన్నాడు, తింది. బతికించావురా దేవుడా, అని భార్య ముద్ద మీద ముద్ద కలుపుతోంది. ఇవాళ నువ్వు పెట్టు, అని అతను గుమ్మంలోనే చెప్పాడు. అతను పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. కంచం పక్కా కూర్చోలేదు. చుట్టూ తిరిగి వచ్చి అమ్మ వెనక నిలబడ్డాడు, ఒకప్పుడు నిలబడిన చోట, తల ఒకప్పుడున్న ఎత్తులో.

ఇంకొక్క ముద్ద అమ్మా, నా తల్లివి కదూ. పొడుగు ఖాళీ. మచ్చ తలెత్తింది. కళ్లు కనబడలేదు, కనబడక్కర్లేదు, ఎక్కడ ఆనాయో అతనికి తెలుసు. ఇన్నాళ్లూ గోడకి తగిలిన చూపు ఇవాళ ముఖానికి తగిలింది. అతను పెదాలు తెరిచాడు. వయసు మీద పడి, తిట్టీ తిట్టీ బిరుసెక్కిన పెదాలు మొదట సాగలేదు. తర్వాత సాగాయి, షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకి. వస్తున్నా చిన్నోడా. ఇదిగో, బయల్దేరా. వస్తున్నా.

అమ్మ నమలడం ఆపింది. చదివేసిందా అనుకున్నాడు అతను. వాడి పెదాలు ఆవిడకి కనబడలేదు, కనబడే వీల్లేదు. ఆవిడ చూస్తున్నది మచ్చని కాదు. కంచం మీది దీపం వెలుగుతోంటే ఆ పనికిమాలిన నల్లటి తెర అద్దమై, ముసలిదాని తల మీదుగా అతని ముఖాన్ని, అందులో కదిలే పెదాల్ని పట్టి చూపిస్తోంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. తెరలోని ఆ ముఖంతోనే, సెలవు మీద పోయే పై అధికారితో మాట్లాడినంత వినయంగా, "తొందరగా వెళ్లండి మేస్త్రీగారూ, పాపం, ఎవరో ఎదురు చూస్తున్నట్టున్నారు," అని, చిన్నోడు తినమన్న ముద్ద కోసం నోరు తెరిచింది.